ఆరు సీట్ల బండికి హీటరు

మంచు కప్పుకున్న కొండలు. ఎముకలు కొరికే చలి. కాలు జారితే కింద నీలి సరస్సు. వాటి మధ్య మూడు బరువైన పెట్టెలు మోసుకుంటూ ముందుకు సాగిన ఒక తెలుగు కుర్రవాడు. గుండె చిక్కబట్టుకోండి, మీరు చదవబోయేది ఒక మహా సాహసయాత్ర.

అంటే, అలా మొదలుపెడితే బాగుంటుందని మొదలుపెట్టాను. నిజానికి నేను బస్సెక్కి ఒక ఊరు వెళ్ళి, ఒక బండికి హీటరు బిగించి, మర్నాడు మళ్ళీ బస్సెక్కి వచ్చేశాను. పెట్టెల్ని బస్సే మోసింది. సరస్సులో కాలు జారడానికి ముందు ఒడ్డు దాకా వెళ్ళాలి కదా, అదీ వెళ్ళలేదు. ప్రాణం మీదికి వచ్చింది ఒక్కసారే, అది దారిలో ఫెయిర్లీ అనే ఊళ్ళో టిఫిను దగ్గర. అయినా ఆ దారిన వెళ్ళేవాళ్ళకీ, హీటరు కొనే ఉద్దేశం ఉన్నవాళ్ళకీ పనికొస్తుందని రాస్తున్నాను.

మాది అనంతపురం. చదువు కోసం క్రైస్ట్‌చర్చ్ వచ్చి, రిక్కార్టన్‌లో ముగ్గురు స్నేహితులతో ఒక ఫ్లాట్‌లో ఉంటూ, చదువయ్యాక ఒక చిన్న వర్క్‌షాపులో చేరాను. పొలాల్లోనూ కొండల మీదా తిరిగే బండ్లకి కప్పులు, అద్దాలు, తలుపులు, హీటర్లు అమ్మి బిగించే చోటు అది. ఆ బండ్లు జీపుకి తమ్ముడు, ట్రాక్టరుకి మేనల్లుడు లాంటివి. ముందు ముగ్గురు, వెనక ముగ్గురు కూర్చోవచ్చు. గొర్రె వెళ్ళగలిగిన చోటికల్లా బండీ వెళ్తుంది. ఇక్కడివాళ్ళు వాటిని బగ్గీలంటారు. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు గుర్రం ఎక్కడుందా, పెళ్ళికొడుకు ఎక్కడున్నాడా అని వెతికాను. అనంతపురం నుంచి వచ్చి హీటర్లు అమ్ముతున్నానని ఫోన్లో చెబితే మా అమ్మ ఫోన్ కార్డులో నిమిషాలు అయిపోయేదాకా నవ్వింది.

మంగళవారం మధ్యాహ్నం పద్మక్క ఫోన్ చేసింది. పద్మక్కది భీమవరం. మా క్రైస్ట్‌చర్చ్ ఉగాది పచ్చడి పుణ్యమా అని పరిచయం. ఆక్లండ్‌లో, మౌంట్ ఆల్బర్ట్‌లో ఇల్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అన్నీ సెటిల్ అయ్యాక ఒక సెలవులో టెకాపో సరస్సు చూడ్డానికి వచ్చింది. చూసింది. వెనక్కి వెళ్ళి రాజీనామా ఇచ్చింది. గొర్రెల స్టేషన్‌లో, అంటే వేల ఎకరాల గొర్రెల మేతభూమిలో, ఒక పాత ఇల్లు లీజుకి తీసుకుని లాడ్జి చేసి, వచ్చినవాళ్ళని ఆరు సీట్ల బండిలో కొండ మీదికి ఎక్కించి సరస్సూ మంచూ చూపిస్తుంది. బండి తనే నడుపుతుంది. భర్త రమేష్ ఇంకా ఆక్లండ్‌లో కంప్యూటర్ల దగ్గరే ఉన్నాడు, వీలైనప్పుడల్లా వచ్చిపోతుంటాడు. చుట్టాల్లో ఆవిడ పేరు ‘జీపు పద్మ’.

"తమ్ముడూ, నా బండికి హీటరు కావాలి. గురువారం పొద్దుటికల్లా," అంది.

"ఇన్నాళ్ళూ వద్దన్నావు కదక్కా? టూరిస్టులు వణకడానికే డబ్బులిచ్చి వస్తారన్నావు."

"టూరిస్టులకి కాదు. మా మావయ్యగారికి."

మావయ్యగారంటే రమేష్ వాళ్ళ నాన్న, సుబ్బారావుగారు. కాకినాడలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. కొడుకునీ కోడల్నీ చూడ్డానికి వచ్చి, మొదట ఆక్లండ్‌లో ఉన్నారు. అక్కడి శాండ్రింగ్‌హామ్ కొట్లలో బెండకాయలూ గోంగూరా కనబడ్డాక ఈ దేశం మీద ఆయనకి మంచి అభిప్రాయమే కలిగింది. ఆఖరి రెండు వారాలు కోడలి దగ్గర ఉందామని టెకాపో వచ్చారు. వచ్చిన రోజు ఇంట్లో అడుగుపెట్టి, కట్టెల పొయ్యి ముందు కూర్చుని, మళ్ళీ లేవలేదు.

"గుమ్మం దాటలేదు తమ్ముడూ. రోజూ అడుగుతున్నా, బండిలో పైకి తీసుకెళ్తాను రండి మావయ్యగారూ అని. చూద్దాంలేమ్మా అంటారు. నిన్న మాత్రం గట్టిగా చెప్పారు. ‘హీటరుంటే వస్తానమ్మా’ అన్నారు. అచ్చంగా అదే మాట. శనివారం వెళ్ళిపోతున్నారు. కాకినాడ వెళ్ళి ఏం చెప్తారు? ఉద్యోగం మానేసి కోడలు పొయ్యిలో కట్టెలు పెడుతోందని చెప్తారు. ఆయన చూసింది అదే కదా. ఒక్కసారి పైకొచ్చి నా పనేంటో చూస్తే చాలు. చూసి తిట్టినా సరే."

మా ఓనరు గ్రెగ్‌కి సంగతి చెప్పాను. గ్రెగ్ ఎక్కువ మాట్లాడడు, మాట్లాడితే నోట్లోని వేడి వృథా అవుతుందని అనుకుంటాను. మూడు రకాల హీటర్లు మూడు పెట్టెల్లో సర్దించి, "బండి చూసి నువ్వే ఎంచుకో. ఇద్దరు కూర్చునే బండికి తప్పు హీటరు పెడితే ఇద్దరు తిడతారు. దీనికి ఆరుగురు తిడతారు," అన్నాడు. మేనేజ్‌మెంట్ పాఠం అక్కడితో అయిపోయింది.

బుధవారం పొద్దున ఏడున్నరకి బస్సు. వెళ్ళేవాళ్ళు కుడివైపు కిటికీ పట్టుకోండి, కొండలు అటే కనిపిస్తాయి. నేను ఎడమవైపు కూర్చున్నాను, కాబట్టి కొండల గురించి నన్నడక్కండి. డ్రైవరు నా పెట్టెల్ని సామాన్ల అరలో పెడుతూ ఏమున్నాయని అడిగాడు. హీటర్లన్నాను. "మూడా? అయితే ఒకటి ఇక్కడ వదిలేసి వెళ్ళు, మా బస్సుది పోయిన శీతాకాలం నుంచే అలిగింది," అన్నాడు. జోక్ అనుకున్నాను. రకాయా వంతెన దాటేసరికి కాదని తెలిసింది.

పక్క సీట్లో మార్గరెట్ అని ఒక పెద్దావిడ. ఆంటీ అనేంత వయసు దాటి, అమ్మమ్మ అనేంత చనువు లేని వయసు. జెరాల్డీన్‌లో కూతురి ఇంటికి వెళ్తోంది. చేతిలో ఉన్ని, సూదులు. చూపు నా మీదే ఉన్నా చేతులు వాటి పని అవి చేసుకుంటున్నాయి. ఏం చేస్తుంటావు, ఎక్కడికి వెళ్తున్నావు అని మొదలుపెట్టి, హీటర్ల మాట వచ్చేసరికి అల్లిక ఆపింది.

"హీటరెందుకు? చలేస్తే ఇంకో స్వెట్టర్ వేసుకోవాలి."

ఇది ఈ దేశపు జాతీయ సిద్ధాంతం. ఇళ్ళు కూడా దీన్ని నమ్మే కడతారు. లోపల కూర్చుంటే నోట్లోంచి పొగ వస్తుంది.

బండిలో పెద్దాయన ఎక్కాలని చెప్పి, మూడు పెట్టెల సంగతి వివరించాను. ఒకటి కరెంటు హీటరు, సిగరెట్ లైటర్ గుచ్చే చోట గుచ్చితే చాలు. రెండోది చిన్న సిలిండరుతో గ్యాసు హీటరు. మూడోది ఇంజినులో కాగిన నీళ్ళని గొట్టాల ద్వారా లాక్కుని, చిన్న ఫ్యానుతో ఆ వేడిని లోపలికి ఊదే నీళ్ళ హీటరు. మార్గరెట్ శ్రద్ధగా విని, మళ్ళీ సూదులు కదిలించింది.

"మా ఆయన జీవితమంతా కొండ మీద గొర్రెలు కాశాడు. ఆయన హీటరు పేరు ఫ్లో. నల్ల కుక్క. పక్కన కూర్చోబెట్టుకునేవాడు."

"ఇది ఆరుగురు కూర్చునే బండి," అన్నాను.

కాసేపు లెక్కేసుకుంది. "అయితే రెండు కుక్కలు కావాలి," అంది.

హీటర్లు ఎంచుకోవడం గురించి ఆ తర్వాత నేను చాలా కరపత్రాలు చదివాను. దేనిలోనూ ఇంత సూటిగా చెప్పలేదు.

పదిన్నర ప్రాంతంలో ఫెయిర్లీలో ఆగాం. అక్కడ పై తినకుండా వెళ్తే పాపమని మా ఫ్లాట్‌లో చెప్పి పంపారు. పై అంటే పిండితో చేసిన చిన్న గిన్నె, పైన పిండి మూత, లోపల సలసల కాగుతున్న బంగాళదుంప, చీజు. బయట నుంచి చూస్తే ఏమీ తెలియదు, పెద్దమనిషిలా చల్లగా ఉంటుంది. ఆబగా కొరికాను. పై తిని పైప్రాణం పైనే పోవడమంటే ఏమిటో ఆ పూట తెలిసింది. డ్రైవరు నన్ను చూసి, "హీటరు అంటే అదీ," అన్నాడు. పక్కనున్న డైరీకి పరుగెత్తి చల్లటి పాలు తాగాను. డైరీ అంటే ఇక్కడ వీధి చివరి కిరాణా కొట్టు, కానీ ఆ రోజు నా పాలిట నిజంగా డైరీయే అయింది.

బర్క్స్ పాస్ అనే కనుమ దాటాక నేల ఒక్కసారి విచ్చుకుంటుంది. గడ్డి గోధుమరంగు, కొండలు తెలుపు, ఆకాశం మరీ ఎక్కువ. ఆ తర్వాత టెకాపో సరస్సు. దాని రంగు గురించి కవులు చాలా చెప్పగలరు. నాకు మాత్రం మా ఫ్లాట్‌లో వాడే టూత్‌పేస్టు గుర్తొచ్చింది. మంచుగడ్డలు రాళ్ళని అరగదీస్తే వచ్చే పిండి నీళ్ళలో తేలడం వల్ల ఆ రంగట. ఇంత అందానికి కారణం రాతిపిండి అని డ్రైవరు మైకులో చెబుతుంటే, బస్సంతా ఫొటోలు తీసుకోవడంలో ఉండి వినలేదు.

బస్సు స్టాపులో పద్మక్క పాత పికప్‌తో నిలబడి ఉంది. మోకాళ్ళ దాకా బూట్లు, ఉన్ని టోపీ, టోపీ అంచు కింద బొట్టు. "తిన్నావా?" అని అడిగింది. నాలుక చూపించాను. "పై తిన్నావన్నమాట," అంది. కంకర రోడ్డు మీద వెళ్తూ దారంతా మావయ్యగారి మాటే.

"ఆయన నన్నెప్పుడూ ఒక్క మాట కూడా అన్లేదు తమ్ముడూ. అదే నా బాధ. ఏమన్నా అంటే నేనూ తిరిగి అనొచ్చు కదా."

ఇంట్లో అడుగుపెట్టేసరికి కట్టెల పొయ్యి ముందు ఒక మంకీ క్యాపు, మఫ్లరు, శాలువా, రెండు జతల మేజోళ్ళు కూర్చుని ఉన్నాయి. వాటి లోపల సుబ్బారావుగారు ఉన్నారు.

"ఏవయ్యా, మీదే ఊరు?"

"అనంతపురమండీ."

"అనంతపురవా! అక్కణ్ణుంచొచ్చి హీటర్లు బిగిస్తున్నావా? ఎడారోడొచ్చి పడవ నడపటం నేర్పినట్టుందే. ఆయ్, కూర్చో కూర్చో. తెచ్చావా మరి?"

"మూడు తెచ్చానండీ. ఏది బాగుంటే అది పెడదామని."

"మూడెందుకయ్యా, నేనొక్కణ్ణే కదా. ఏ రకం, కరెంటుదేనా?"

"కరెంటుదుంది, గ్యాసుదుంది, వేడినీళ్ళదుంది."

"ఏదైనా వేడినీళ్ళదే కదయ్యా," అన్నారాయన.

లెక్కల మాస్టారు కదా, ఏదో మూలసూత్రం చెప్పారనుకుని తలూపాను.

"కరెంటుది చాలు. మా కాకినాడ ఇంట్లో ఎన్నేళ్ళ నుంచో అదే. మా ఆవిడ ఉన్నప్పుడు కొన్నది," అన్నారు.

కాకినాడలో ఈయనకి హీటరుతో ఏం పనా అని ఒక్క క్షణం అనిపించింది. కానీ పెద్దవాళ్ళని నిలదీయడం బాగుండదు. ఆయనదైతే చలి ఒళ్ళు, పెట్టుకున్నారేమో అనుకున్నాను.

"రేపు పొద్దున ఏడింటికి తయారుగా ఉండాలి సుమా," అన్నారు.

"అంత పొద్దున్నే పైకి వెళ్తారా అండీ?"

"ముందు హీటరు. అదైతే ఎక్కడికైనా వస్తాను."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ పద్మక్క నాకేసి చూసి కళ్ళెగరేసింది. చూశావా, మాట మీద ఉన్నారు అని ఆ చూపుకి అర్థం.

పప్పుచారు, అప్పడాలతో భోంచేసి షెడ్డులోకి వెళ్ళాను. ఇక్కడి నుంచి కాస్త సాంకేతికం. నిద్రొస్తే రెండు పేరాలు దాటేయండి, నేనేమీ అనుకోను.

ముందు మాస్టారి ఓటు ప్రకారం కరెంటుది గుచ్చి చూశాను. ఎదురుగా ఒక మనిషి కూర్చుని ‘హా’ అని ఊదినట్టుంది. అది కూడా నీరసంగా ఉన్న మనిషి. దాన్ని ఆన్ చేయగానే బండి లైట్లు సన్నబడ్డాయి. ఒక్కరి చేతులు కాచుకోవడానికి సరే, ఆరుగురికి దాన్ని పంచాలంటే వంతులు వేసుకోవాలి, కొండ మీద బ్యాటరీ అయిపోతే అందరూ దిగి తొయ్యాలి. అప్పుడు వెచ్చగానే ఉంటుందనుకోండి. గ్యాసుది పెట్టెలోంచి బయటికే తియ్యలేదు. తలుపులు మూసిన బండిలో గ్యాసు వెలిగిస్తే అద్దాలకి ఆవిరి పట్టి దారి కనబడదు, పైగా ఆ పొగ మంచిది కాదు. వెచ్చగా పోతారు, కానీ పోతారు. ఇక మిగిలింది నీళ్ళ హీటరు. దానిలోనూ ఇద్దరి బండికి సరిపోయే చిన్నవి ఉంటాయి. అవి పెడితే ముందువాళ్ళు కోటు విప్పుతారు, వెనకవాళ్ళు శాపనార్థాలు పెడతారు. పెద్దది ఎంచుకుని, రెండు గాలిగొట్టాలు అద్దం వైపుకి, రెండు కాళ్ళ దగ్గరికి, రెండు సీటు కింద నుంచి వెనక వరసకి లాగాను.

ఇంజిను నుంచి రేడియేటర్‌కి వెళ్ళే రబ్బరు గొట్టాన్ని కోసి మధ్యలో జాయింటు పెట్టి, క్లాంపులు బిగించి, నీళ్ళు పోసి, బండి ముక్కు ఎత్తు మీద ఉండేలా వాలులో నిలబెట్టాను. గొట్టాల్లో చిక్కుకున్న గాలి బుడగలు పైకి రావాలి, లేకపోతే హీటరు చల్లగాలి ఊదుతుంది.

"ఏం చేస్తున్నావ్?" అంది పద్మక్క.

"బుడగలు తీస్తున్నానక్కా. ఎక్కడున్నాయో కనబడవు, ఉన్నాయని మాత్రం తెలుస్తుంది."

"మేమూ ఆఫీసులో ఇదే పని చేసేవాళ్ళం," అంది. "అక్కడ మధ్యలో మీటింగులుండేవి."

అప్పుడు కనబడింది అసలు లోపం. బండికి గుడ్డ తలుపులు. ఎడమవైపు వెనక తలుపు జిప్పు సగంలో పళ్ళూడగొట్టుకుంది. దాన్ని అలా వదిలేస్తే ఎంత మంచి హీటరైనా ఆరుగురిని వదిలేసి మేమున్న దక్షిణ ద్వీపాన్నంతా వేడి చేస్తుంది. జిప్పు కొనడానికి ఊళ్ళోకి వెళ్ళాలి. పద్మక్క స్వెట్టరు చెయ్యి పైకి లాగింది. గాజుకి వేలాడుతూ పిన్నీసుల గుత్తి. సాఫ్ట్‌వేర్ వదిలేసింది, ఆక్లండ్ వదిలేసింది, గాజుకి పిన్నీసులు మాత్రం వదల్లేదు. ఒక్కొక్కటే తీసి తలుపు కుట్టేసింది. చీకటి పడకముందే ఇంజిను స్టార్ట్ చేసి చూశాం. కాసేపటికి లోపల కూర్చున్న ఇద్దరికీ చెమట పట్టింది. అనంతపురం మే నెల. నాకు ఇంటి మీద బెంగ కూడా పుట్టింది.

"వస్తారంటావా?" అంది పద్మక్క.

"మాస్టారు మాటిచ్చారు కదక్కా. సూత్రం తప్పరు."

గురువారం ఏడింటికి మాస్టారి గది తలుపు తెరుచుకుంది. పంచె కట్టు, భుజాన తువ్వాలు, మంకీ క్యాపు యథాతథం. చేతిలో నేల తుడిచే ఎర్ర ప్లాస్టిక్ బకెట్టు, కడిగి తళతళలాడుతోంది.

"ఏదయ్యా హీటరు?"

బకెట్టు ఎందుకో అర్థం కాలేదు. అయినా గర్వంగా వీధి తలుపు తీసి, గుమ్మం ముందే ఆపిన బండి చూపించాను. ఇంజిను నడుస్తోంది, లోపల వెచ్చగా ఉంది, వెలుతురు పడి పిన్నీసులు మెరుస్తున్నాయి. ఆయన గడప దగ్గర ఆగిపోయారు. బండిని చూశారు. నన్ను చూశారు.

"బయటెందుకు పెట్టావయ్యా? బాత్‌రూములో కదా పెట్టాలి?"

"బండి బాత్‌రూములో పట్టదండీ," అన్నాను. ఆ నిమిషంలో నాకు తోచిన సమాధానం అదే.

పద్మక్క బకెట్టు చూసి, తువ్వాలు చూసి, మెల్లగా అడిగింది.

"మావయ్యగారూ, మీరడిగింది... నీళ్ళు కాచుకునే హీటరా?"

"హీటరంటే నీళ్ళకి కాక మరి దేనికమ్మా? బకెట్లో పెట్టేది. కడ్డీది."

తప్పు ఎవరిదో ఇప్పటికీ తేల్చలేను. కాకినాడలో హీటరంటే బకెట్టులో మునిగేదే. అనంతపురంలోనూ అంతే, మా ఇంట్లోనూ ఒకటుంది, దాని షాకు కూడా తిన్నాను. ముగ్గురం తెలుగువాళ్ళమే. కాకపోతే ఇద్దరం ఆ మాటని ఈ దేశంలో మళ్ళీ నేర్చుకున్నాం, పాత అర్థం ఎక్కడో పారేసుకున్నాం.

సంగతి ఇదీ. తలస్నానం కాకుండా ఆయన ఇల్లు దాటరు, జీవితంలో ఎప్పుడూ దాటలేదు. ఇంట్లో వేడినీళ్ళ ట్యాంకు ఒక్కటే, పాతది. పొద్దున్నే లాడ్జిలో దిగినవాళ్ళు వరసగా స్నానాలు కానిచ్చేసరికి ఈయన వంతుకి చన్నీళ్ళు మిగులుతున్నాయి. తడి తువ్వాలుతో ఒళ్ళు తుడుచుకుని పొయ్యి ముందుకొచ్చి కూర్చుంటున్నారు. స్నానం లేదు కాబట్టి గడప దాటడం లేదు.

"ఒక్క మాట చెప్తే నేను నీళ్ళు కాచి పెట్టనా మావయ్యగారూ?" అంది పద్మక్క.

"చెప్పాను కదమ్మా, హీటరుంటే వస్తానని. అంతకన్నా ఏం చెప్పను? చీకటుండగా లేస్తావు. వాళ్ళకి టిఫిన్లు పెడతావు, బండి తీస్తావు. నాకు నీళ్ళు కాచమని చెప్పి నీ డ్యూటీకి అడ్డం పడమంటావా?" అన్నారాయన. తర్వాత బయట కొండ వైపు చూపించారు. "కిటికీలోంచి రోజూ చూస్తూనే ఉన్నాను. ఆ మొదటి మలుపు దగ్గర ఆపుతావు. దిగి నాలుగు చక్రాలూ చూసుకుని మళ్ళీ ఎక్కుతావు. ఒక్క రోజు కూడా మానలేదు."

డ్యూటీ అన్నారు. పని అనలేదు, తిరుగుడు అనలేదు. గవర్నమెంటు మాస్టారి నోట ఆ మాటకి ఎంత బరువుంటుందో చెప్పక్కర్లేదు. ఇక్కడ ఎవరో ఒకరు ఏడవాలి, పద్ధతి ప్రకారం. పద్మక్క సిద్ధపడింది కూడా. కానీ సరిగ్గా అప్పుడే నేను, "అక్కా, పెట్రోలు," అన్నాను. ఇంజిను ఇంకా నడుస్తోంది మరి. ఆవిడ కళ్ళు తుడుచుకుని, బండి ఆపి, ఆయన చేతిలో బకెట్టు లాక్కుని లోపలికి వెళ్ళింది.

శాండ్రింగ్‌హామ్‌లో కొన్న బిర్యానీ గుండిగ కట్టెల పొయ్యి మీదికెక్కింది. నీళ్ళు మరిగేదాకా ముగ్గురం దాని చుట్టూ కూర్చున్నాం. చెంబు దొరకలేదు, పాల జగ్గు ఇచ్చాం. లోపల్నుంచి నీళ్ళ చప్పుడు, దాని వెనకే పెద్ద గొంతుతో స్తోత్రం. రెండు వారాల పాటు ఆగిపోయిన స్తోత్రాలన్నీ ఒకే వాయిలో వచ్చినట్టున్నాయి. లాడ్జిలో దిగిన ఒక జర్మనీ ఆయన తన గదిలోంచి తల బయట పెట్టి, ఇది ఇక్కడి ఆదివాసులు మావోరీల పాటా అని నన్నడిగాడు. కాకినాడ అన్నాను. అది ఏ లోయలో ఉందో వెతకడానికి మ్యాపు తీశాడు.

తొమ్మిదిన్నరకి మాస్టారు గడప దాటారు. కుడికాలు ముందు పెట్టి. నుదుట విభూతి, మంకీ క్యాపు కిందకి జరిగి సగం కప్పేసింది. ముందు సీట్లో కోడలి పక్కన కూర్చున్నారు. నేను వెనక వరసలో మూడు సీట్లకీ రాజుని. హీటరు బ్రహ్మాండంగా పనిచేస్తోంది. నా గాలిగొట్టాలు నా మోకాళ్ళని కూడా పలకరిస్తున్నాయి. గురిపెట్టి చేసిన పని ఫలించడం చూడ్డం గొప్ప అనుభవం. అది మొదటి మలుపు దాకా నిలిచింది.

"అమ్మాయ్, అది ఆపెయ్యమ్మా," అన్నారు మాస్టారు.

"చలేస్తుందేమో మావయ్యగారూ?"

"చలికేముంది, మఫ్లరుంది. ఆ గాలి ఒంటికి వేడి చేస్తుంది. నోరు పూసిందంటే విమానంలో ఏమీ తినలేను."

మంచు కొండ మీద ఒంటికి వేడి చెయ్యడం గురించి గ్రెగ్‌కి ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నాకిప్పటికీ తెలియదు. కరపత్రాల్లో ఆ అధ్యాయం లేదు. హీటరు ఆగింది. అంతటితో వదల్లేదు, గాలాడటం లేదన్నారు. నిన్న పద్మక్క పెట్టిన పిన్నీసులన్నీ నా చేత్తోనే ఒక్కొక్కటే తీశాను. బయట చలంతా లోపలికి వచ్చి నా పక్కన మిగిలిన రెండు సీట్లలో కూర్చుంది.

పద్మక్క అలవాటుగా మలుపు దగ్గర బండి ఆపి దిగింది. మాస్టారు కూడా దిగారు. ఆవిడ ఒక్కో చక్రం దగ్గర వంగి చూస్తుంటే, చేతులు వెనక్కి కట్టుకుని, పరీక్ష హాల్లో తిరిగినట్టు, ఆవిడ వెనకే నాలుగు చక్రాలూ చుట్టి వచ్చారు. ఎక్కి కూర్చున్నాక, "ఇక బండి పోనీ," అన్నారు.

పైన గాలి కోస్తోంది. కింద సరస్సు పరుచుకుని ఉంది, అవతల కొండల వరస. వచ్చినవాళ్ళందరూ అక్కడ నిలబడి అబ్బా అంటారట. మాస్టారు చాలాసేపు చూశారు.

"గోదారంత లేదు," అన్నారు. "కానీ శుభ్రంగా ఉంది. ఎవరూ స్నానం చెయ్యరా?"

"గడ్డకట్టుకుపోతారు మావయ్యగారూ."

"ఓహో. ఇక్కడ అందరిదీ నా బాధేనన్నమాట."

పద్మక్క నవ్వింది. ఆయన శాలువాలోంచి చిన్న డిజిటల్ కెమెరా తీసి నాకిచ్చారు. సరస్సు ముందు నిలబడతారేమో అనుకుని నాలుగడుగులు వెనక్కి వేశాను.

"నన్ను కాదయ్యా. అమ్మాయి స్టీరింగు దగ్గర కూర్చుంటుంది, అది తియ్యి. బండి మొత్తం పడాలి. కొండ కూడా పడాలి, లేకపోతే మా వాళ్ళు ఇది చదునైన నేలంటారు. కాకినాడలో నలుగురికీ చూపించాలి."

పద్మక్క స్టీరింగు పట్టుకుని కెమెరా వైపు చూడకుండా ఎటో చూసింది. మొదటి ఫొటోలో నా వేలు పడింది. రెండోది బాగా వచ్చింది.

మధ్యాహ్నం బస్సుకి పద్మక్క దింపింది. డబ్బా నిండా పులిహోర, "నాలుక మంట తగ్గేదాకా పెరుగన్నం తిను" అని సలహా, బలవంతాన ఇంకో మఫ్లరు. మాస్టారు కూడా పికప్‌లో వచ్చారు. ఒకసారి దాటాక గడపంటే ఇక లెక్కలేనట్టుంది. "బాగా బిగించావయ్యా, ఆపితే వెంటనే ఆగిపోయింది," అని నా హీటరుని మెచ్చుకున్నారు. నాకు దొరికిన సర్టిఫికెట్ అది.

డ్రైవరు నిన్నటాయనే. రెండు పెట్టెలే వెనక్కి రావడం చూసి ఏది గెలిచిందని అడిగాడు. బకెట్టు అన్నాను. బస్సులో ఇంకా చలిగానే ఉంది, మఫ్లరు చుట్టుకుని ఈసారి కూడా తప్పువైపే కూర్చున్నాను.

దారంతా ఆలోచించాను. కరెంటా, గ్యాసా, నీళ్ళా అని మేము పెట్టెలు విప్పుతుంటే, అసలు ప్రశ్న ఇంట్లోనే పొయ్యి ముందు కూర్చుని ఉంది. దాన్నెవరూ అడగలేదు. పక్కపక్క గదుల్లో రెండు వారాలున్నారు. ఒకరిది మొహమాటం, ఇంకొకరిది భయం. మధ్యలో ఒక్క మాట, అది ఇద్దరికీ తెలిసిన మాటే. ఇలాంటిదేదో గొప్పగా రాసి ముగిద్దామని ఫెయిర్లీ దాటేదాకా వాక్యాలు కూర్చుకున్నాను. ఆదివారం పద్మక్క ఫోన్ చేసింది. మావయ్యగారు విమానం ఎక్కారట, ఎయిర్‌పోర్టులో పక్క సీటాయనకి కూడా ఫొటో చూపించారట. ఆ సంగతి చెప్పి, "అది సరే గానీ తమ్ముడూ, బండి కింద చుక్కలు చుక్కలుగా నీళ్ళు కారుతున్నాయి," అంది.

కారతాయి. కొత్త గొట్టాలు వేడికి కాస్త సర్దుకుంటాయి. నీళ్ళ హీటరు పెట్టించుకున్నవాళ్ళు మొదటి వారం తిరిగాక క్లాంపులన్నీ ఇంకోసారి బిగించుకోవాలి. ఎనిమిది నంబరు స్పానరు సరిపోతుంది.